లైబ్రరీలో ప్రింటర్ పక్కన కనిపించిన అక్కకి

అక్కా, మీ పేరు అడగలేదు, ఆ టెన్షన్‌లో తట్టనే లేదు. సెప్టెంబర్ 27 సాయంత్రం, నేను అమ్మతో ఫోన్‌లో తెలుగులో మాట్లాడుతుంటే విని "ఏమైంది తమ్ముడూ?" అని మీరే పలకరించారు.

కాలిఫోర్నియాలో రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీ డేవిస్ యూనివర్సిటీకి స్టాటిస్టిక్స్‌లో మారాలని నా ప్లాన్. షరతులన్నీ పూర్తిచేస్తే సీటు ఖాయమనే ట్యాగ్ దరఖాస్తుకి సెప్టెంబర్ 30 ఆఖరు. 60 యూనిట్లు (కోర్సుల క్రెడిట్లు) సరిపోతాయి కదా అని ధీమాగా ఉన్నాను. మీరు లాప్‌టాప్‌లో, ఏ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీలో చెల్లుతుందో చూపించే అసిస్ట్ సైట్ తెరిచి, మా కాలేజీనీ డేవిస్‌నీ ఎంచుకుని, ఒక్కో వరుస మీద వేలు పెట్టి చూపిస్తూ కాల్కులస్ దగ్గర ఆగారు. నేను చేసింది బిజినెస్ కాల్కులస్. యూనిట్లు లెక్కలోకి వస్తాయి గానీ ఈ మేజర్‌కి చెల్లదు. అడ్వైజింగ్‌కి రెండుసార్లు వెళ్లినా ఎవరూ చెప్పని మాట అది.

నాకు చేతులు చల్లబడ్డాయి. మీరు మాత్రం కంగారుపడకుండా ఈ మేజర్‌కి చెల్లే కాల్కులస్‌కి అక్టోబర్‌లో మొదలయ్యే షార్ట్ టర్మ్ సెక్షన్ వెతికి, రెండో కాల్కులస్ స్ప్రింగ్‌లో పెట్టించి, నా ప్రింటవుట్ వెనకాలే పెన్సిల్‌తో ప్లాన్ మొత్తం రాసిచ్చారు. మీ బస్సు టైమవుతున్నా కూర్చున్నారు, అది మర్చిపోలేను.

డేవిస్‌లో సీటొచ్చింది అక్కా. ఆ కాగితం నా దగ్గరే ఉంది. అమ్మ మిమ్మల్ని భోజనానికి తీసుకురమ్మంటోంది, ఇది మీ కంటపడితే తప్పకుండా రండి. చాలా చాలా థ్యాంక్స్.