చర్చి దీపాలు వాట్ల లెక్కతో తేలేవి కావు

సంపాదకునికి నమస్కారం.

చర్చిల్లో పాత ట్యూబ్‌లైట్లు తీసేసి ఎల్‌ఈడీలు పెట్టించేటప్పుడు సంఘ కమిటీలు సాధారణంగా ఆరా తీసేది రెండు విషయాలనే: ఎన్ని వాట్లు, ఎంత ఖర్చు. వెలుగు ఎటు నుంచి వచ్చి ఎవరి మీద పడుతుందన్న ఆలోచన దీపాలు బిగించాక గానీ రాదు. అప్పటికి వైరింగు, సీలింగు పని అంతా అయిపోయి ఉంటుంది.

ఆరాధన జరిగే హాల్లో ఒకే కప్పు కింద వేర్వేరు అవసరాలుంటాయి. బల్లల మీద కూర్చున్నవారికి కీర్తనల పుస్తకంలోని సన్నటి అక్షరాలు కనబడాలి, ప్రసంగించేవారి ముఖం చివరి వరుసకూ తెలియాలి, ప్రార్థన వేళ వెలుగు నెమ్మదిగా తగ్గాలి. కప్పుకు వరుసగా బిగించి ఒకే స్విచ్చికి కలిపిన ప్యానెళ్లతో ఇవన్నీ కుదరవు. పుస్తకం మీద 200 నుంచి 300 లక్స్ (ఒక చోట పడే వెలుగుకు కొలత) వెలుగు పడితే చాలామంది ఇబ్బంది లేకుండా చదవగలరు. పెద్దవారికి అది చాలదు. 20 ఏళ్లవారితో పోలిస్తే 60 ఏళ్లవారి రెటీనాకు చేరే కాంతి సుమారు మూడో వంతే. అలాగని దీపాలు కంట్లో కొట్టేలా అమర్చితే, వయసుతో మసకబారిన కంటి కటకంలో ఆ కాంతి చెదిరి, చదవగలిగిన అక్షరం కూడా కనబడకుండా పోతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా తప్పుతున్నది ప్రసంగ వేదిక దగ్గర. సరిగ్గా నెత్తిమీద ఒక స్పాట్‌లైటు పెడితే పాస్టరుగారి కళ్లు గుంటల్లా కనబడతాయి, ముక్కు నీడ పెదవుల మీద పడుతుంది. వినికిడి తగ్గినవారు పెదవుల కదలికను బట్టి కూడా మాటలు పోల్చుకుంటారు గనుక ఈ లోపం వారికి ప్రసంగాన్నే దూరం చేస్తుంది. ముందువైపు చెరో పక్క నుంచి, సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా రెండు దీపాలు వేస్తే నీడలు చాలావరకు పోతాయి. వెలుగును తగ్గించే డిమ్మర్లు నాసిరకంవి వాడితే కంటికి తెలియని మినుకు ప్రత్యక్ష ప్రసారంలో చారలుగా కనబడుతుంది.

రంగు సంగతికి వస్తే, 6500 కెల్విన్ (కాంతి రంగుకు కొలత) నీలి తెలుపు కాంతిలో చెక్క, ఇటుక, మనిషి చర్మం పాలిపోతాయి. 2700–3000 కెల్విన్ మధ్య పసుపు ఛాయ వెలుగునిచ్చే, సీఆర్‌ఐ (రంగులను ఎంత సహజంగా చూపుతుందో తెలిపే సూచిక, గరిష్ఠం 100) 90కి తగ్గని దీపాలు ఇలాంటి చోటుకు నప్పుతాయి. వేదికల మీద తిరిగే రంగుల దీపాలు ఆరాధనకు తగునా లేదా అన్నది సంఘాలే తేల్చుకోవలసిన మాట. నేను దాని జోలికి పోను.

చీకటికీ చోటుండాలి. జపాన్‌లోని ఇబరాకిలో వాస్తుశిల్పి తడావో ఆండో రూపకల్పనతో 1989లో పూర్తయిన చర్చిలో, బలిపీఠం వెనక కాంక్రీటు గోడకు సిలువ ఆకారంలో పెట్టిన చీలిక నుంచి పగటి వెలుగు లోపలికి వస్తుంది. హాలంతా చీకటిగా ఉండబట్టే ఆ సిలువ అంతగా వెలుగుతుంది. రంగుటద్దాల కిటికీలదీ అదే లెక్క. పగలు లోపల దీపాలన్నీ వేస్తే వాటి రంగులు వెలవెలబోతాయి కాబట్టి కిటికీల పక్క దీపాలకు వేరే స్విచ్చి ఉండాలి.

ఎల్‌ఈడీ కన్నా దానికి తగిన కరెంటు అందించే డ్రైవరే ముందుగా పాడవడం తరచూ జరిగేదే. కనుక దాన్ని నిచ్చెనకు అందే చోట పెట్టించుకోవాలి, లేకపోతే ప్రతి మరమ్మతుకూ పరంజా కట్టాల్సి వస్తుంది. ఆర్డరు ఇచ్చేముందు ఒక సాయంత్రం నమూనా దీపాలను అనుకున్న ఎత్తులోనే వేలాడదీయించి, సంఘంలో వయసు మళ్లిన ఇద్దరు ముగ్గురిని చివరి బల్ల మీద కూర్చోబెట్టి కీర్తనల పుస్తకం చదివించి చూడమని కమిటీలకు నా విన్నపం.

— ఒక పాఠకుడు