ఏ తుపానులో పడింది మీ ఇల్లు?

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ జిల్లా పేజీలో ఉప్పాడ బీచ్ రోడ్డు ఫొటో వేశారు. కెరటం రోడ్డు మీదికి ఎగిరిపడుతోంది, ఎదురుగా కొందరు కుర్రాళ్లు సెల్‌ఫోన్లు ఎత్తిపట్టుకుని నిలబడ్డారు. కింద రెండే వాక్యాలు: అలలు ఉద్ధృతంగా ఉన్నాయి, కాకినాడ వైపు రాకపోకలు ఆపేశారు. ఆ రోజే రాద్దామనుకుని, కోపంలో మాట తూలుతుందేమోనని ఆగాను. ఆరు రోజులైనా ఆ కోపం తగ్గలేదు.

ఆ ఫొటోలో రోడ్డు అంచున ఒక సగం గోడ ఉంది. మసిబారిన ఆ గోడ ఎవరిదో వంటిల్లు. అలాంటి వరుసలోనే మా పిన్ని ఇల్లు ఉండేది. ఆ ఇల్లు పడిన రాత్రి గాలి లేదు, వాన లేదు, ఏ ప్రమాద హెచ్చరికా ఎగరేయలేదు. పౌర్ణమి పోటు, అంతే. వెనుక గోడ కింద ఇసుక జారిపోయింది, తెల్లారేసరికి పొయ్యి ఉన్నచోట నీళ్లు. సాయం కోసం ఆఫీసుకు వెళితే అడిగిన మొదటి ప్రశ్న: "ఏ తుపానులో పడింది మీ ఇల్లు?" ఏదో ఒక తుపాను పేరు చెప్పెయ్యమని పక్కనున్నవాళ్లు చెవిలో చెప్పారు. ఆమె చెప్పలేదు. "సముద్రం తీసుకుంది బాబూ" అంది. ఆ కాగితం అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు తిరిగామో లెక్క పెట్టడం మానేశాం.

తప్పు ఆ గుమాస్తా ఒక్కడిదే అనను. కేంద్రం సాయానికి గుర్తించిన విపత్తుల జాబితాలో తుపాను ఉంది, సునామీ ఉంది, వడగళ్ల వాన ఉంది, చలిగాలులు కూడా ఉన్నాయి. సముద్రపు కోత లేదు. 2021–26 కాలానికి కేంద్ర నిధుల పంపకాన్ని సూచించే 15వ ఆర్థిక సంఘం కోత నివారణకు 1,500 కోట్లు, కోతతో నిర్వాసితులైనవారి పునరావాసానికి 1,000 కోట్లు జాతీయ నిధుల్లో కేటాయించమంది. నదీ కోతకూ సముద్రపు కోతకూ కలిపి దేశమంతటికీ ఆ డబ్బు. అందులో మా తీరం వాటా ఎంతో, ఎవరికి చేరిందో గ్రామసభలో చదివి వినిపించమని అడగడం పెద్ద కోరిక కాదు.

కోత నిన్న మొదలైంది కాదు. మన తీరం వెంట ఇసుక ఏడాది మొత్తం మీద ఎక్కువగా ఉత్తరానికే నడుస్తుంది. దారిలో రేవుగోడ అడ్డం వస్తే దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన తీరం కోసుకుపోతుంది. చెన్నైలో రేవు కట్టాక దక్షిణాన మెరీనా బీచి పెరిగి ఉత్తరాన రాయపురం తీరం కరిగింది అందుకే. విశాఖలో ఔటర్ హార్బరు కట్టాక ఆర్కే బీచికి డ్రెడ్జర్లతో ఇసుక పోయాల్సి వస్తోంది. కాకినాడ రేవుకు ఉత్తరాన ఉన్న మాకు ఎన్నాళ్లుగానో పోస్తున్నవి రాళ్లు. అంతకుముందు జియోట్యూబుల (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాల) గోడ కట్టారు, అది చిరిగి ఇసుక కారిపోయింది. మళ్లీ రాళ్లు, మళ్లీ టెండరు, మళ్లీ నాయకుల పరిశీలన. పరిశీలనకు వచ్చినవారు రోడ్డు మీదే నిలబడి చూసి, రోడ్డు మీదే కారెక్కి వెళ్లిపోతారు.

నేను రాయదలచిన అసలు సంగతి ఇది. పిన్ని ఇప్పుడు కాకినాడలో అద్దె గదిలో ఉంటోంది. సముద్రం వినపడదు. అయినా అర్ధరాత్రి లేచి, తలుపు దగ్గర నేల తడిసిందేమోనని చేత్తో తడిమి చూస్తుంది. అల్పపీడనం అన్న మాట టీవీలో వినపడితే ముద్ద దిగదు. మా ఊళ్లో పిల్లలు పుస్తకాల సంచి మంచం మీద పెట్టుకుని పడుకుంటారు. 1996 నవంబరు 6 తుపానుకు వేటకెళ్లి తిరిగిరాని మగవాళ్ల భార్యలు ఈ తీరంలో ఇంకా ఉన్నారు. కనబడనివాడు చనిపోయాడని అనుకోవడానికి చట్టం ఏడేళ్లు గడువు పెట్టింది. ఆ ఏడేళ్లూ బొట్టు ఉంచుకోవాలో తీసేయాలో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. బియ్యం తూకం వేస్తారు, టార్పాలిన్ పట్టాలు లెక్కిస్తారు, కొట్టుకుపోయిన వలలకు ధర కడతారు. ఈ భయం ఏ పంచనామాలోనూ ఎక్కదు. మానసిక సాయానికి 14416 అనే ఉచిత నంబరు 2022 నుంచి ఉంది. మొన్న మా వాళ్లు తలదాచుకున్న పునరావాస కేంద్రం గోడ మీద నాయకుల ఫొటోలు చూశాను, ఆ నంబరు చూడలేదు.

ఒడిశాలో సముద్రం మింగిన సతభయ గ్రామస్థులను ప్రభుత్వమే బగపటియాకు తరలించి స్థలాలిచ్చింది. అక్కడ అంతా బాగుందని కాదు, కనీసం తుపాను పేరు అడగలేదు. మన రాష్ట్రం ఆ మాత్రమైనా చేయాలి. కోతలో పడిన ఇంటిని కోతలో పడినట్టే రాసుకోవాలి. చేపల వేటకు దగ్గరగా, నేతపనివాళ్ల మగ్గం గుంతలోకి నీళ్లు రాని చోట స్థలం చూపించాలి. తుపాను కేంద్రానికి బియ్యంతోపాటు మనసు వైద్యం తెలిసిన మనిషిని కూడా పంపాలి.

మీ విలేఖరి ఈసారి వచ్చినప్పుడు రోడ్డు దిగి రమ్మనండి. పిన్నిని నేను తీసుకొస్తాను. నీళ్ల మధ్య తన పొయ్యి ఎక్కడుండేదో ఆమె ఇప్పటికీ వేలు పెట్టి చూపిస్తుంది. ఆ ఫొటో వేయండి.

— ఒక పాఠకురాలు, కాకినాడ