కుట్టుపనికి పటం కట్టిన ఏడాది: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో ఎక్కువమంది అడిగింది ఒక్కటే. "కుట్టడం వచ్చు, కుట్టాక ఏం చేయాలో చెప్పండి" అని. న్యాయమైన మాటే. హైదరాబాద్‌లో మగ్గం వర్క్ నేర్పేవాళ్లకు కొదవ లేదు. సికింద్రాబాద్ జనరల్ బజార్‌కు వెళ్తే కావలసిన దారాలన్నీ దొరుకుతాయి. నెలల తరబడి కుట్టిన జానెడు గుడ్డను పాడవకుండా గోడకెక్కించడం ఎలాగో చెప్పేవాళ్లే తక్కువ. అందుకని ఈ ఏడాది మన సమయం, డబ్బు ఎక్కువ భాగం పటం కట్టే పనికే పెట్టాం. నెలవారీ కుట్టు తరగతులు, బతుకమ్మకు ముందు పిల్లల శిక్షణ, దారాల మార్పిడి ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పత్రం విడిగా పంపాం.

ఈ నిర్ణయానికి కారణం ఒక సభ్యురాలు తెచ్చిన పటం. వాళ్ల అమ్మగారు పెళ్లికి ముందు దిండు గలీబు మీద కాడ కుట్టుతో కుట్టిన నెమలి అది. ఎప్పుడో ఒక షాపులో ఇస్తే గుడ్డ వెనకంతా జిగురు పూసి అట్టకు అంటించి, పైన అద్దం ఆనించి బిగించేశారు. జిగురు ఉన్నచోటల్లా ఇప్పుడు గుడ్డ పసుపుపచ్చగా మారి పెళుసెక్కింది. విడదీయబోతే పోగులు ఊడొస్తున్నాయి. ఆ నెమలిని మునుపటిలా చేయడం ఎవరి వల్లా కాదు. అద్దాన్ని ఎడంగా పెట్టి, ఇంకా పాడవకుండా మాత్రం చూడగలిగాం.

అప్పుడే సంఘం ఒక నియమం పెట్టుకుంది. గుడ్డను అట్టకు పట్టించేది సూదీదారమే, జిగురు కాదు. డబుల్ టేపు, స్ప్రే గమ్ కూడా జిగురు కిందే లెక్క. రేపు ఎవరైనా పటం విప్పాలనుకుంటే దారం కత్తిరిస్తే చాలు, గుడ్డ ఎలా లోపలికి వెళ్లిందో అలాగే బయటికి రావాలి.

తరగతులకు రాలేకపోయినవాళ్ల కోసం పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. అట్ట యాసిడ్ ఫ్రీ మౌంట్ బోర్డు అయి ఉండాలి. మామూలు అట్టలో, హార్డ్‌బోర్డులో ఉండే ఆమ్లం ఏళ్ల తరబడి గుడ్డలోకి దిగి గోధుమరంగు మరకలు తెస్తుంది. మడిచిన గుడ్డ మందం తోడవుతుంది కాబట్టి ఫ్రేము లోపలి కొలత కంటే అట్టను రెండు మూడు మిల్లీమీటర్లు చిన్నగా కోయాలి. కుట్టుపని చుట్టూ కనీసం 2 అంగుళాల గుడ్డ వదులుకోవాలి. నాలుగు వైపులా ముందు మధ్యలో పిన్నులు గుచ్చి, అక్కడి నుంచి మూలలకు వెళ్లాలి. పడుగు, పేక అట్ట అంచుకు తిన్నగా ఉన్నాయా అని అడుగడుగునా చూసుకోండి. పువ్వు వంకరగా కనిపించిందంటే చాలాసార్లు తప్పు కుట్టుది కాదు, పోగు వాలింది. తర్వాత వెనకవైపు గట్టి దారంతో ఈ అంచు నుంచి ఆ అంచుకు నులక మంచం అల్లినట్టు లాక్కుంటూ వెళ్లాలి. మధ్య నుంచి మొదలుపెట్టి చివరిదాకా వదులుగానే అల్లి, ఆ తర్వాత వరుసగా బిగువు తెచ్చి ముడి వేయాలి. పిన్నులన్నీ తీసేయాలి. ఒక్కటి మిగిలినా వానాకాలం తేమకు తుప్పు పట్టి మరక దిగుతుంది.

వెనక్కి మడవడానికి అంచు గుడ్డ లేని ముక్కలకు, అంటే నర్సాపురం లేసు లాంటివాటికి, ముందు కోరా గుడ్డను గంజి పోయేలా ఉతికి అట్టకు బిగించి, దాని మీద ముక్కను సన్నటి కుట్లతో అక్కడక్కడ నిలపాలి. ఉతకగలిగిన పనైతే పటానికి ముందే ఉతకండి. తడిపిన తెల్ల గుడ్డతో ప్రతి రంగునూ అద్ది చూశాకే నీళ్లలో ముంచాలి, ముఖ్యంగా ఎరుపు, నలుపు. జరీ పనికి నీళ్లు తగలనివ్వొద్దు. ఇస్త్రీ చేయాల్సివస్తే మందపాటి తువ్వాలు మీద బోర్లా వేసి, వెనకవైపు నుంచే.

అద్దం గురించి తరగతిలో గట్టి చర్చే జరిగింది. అద్దం లేకపోతే మన ఊరి దుమ్ము, ఉంటే లోపల తేమ. మా సలహా: అద్దం పెట్టండి, కానీ గుడ్డకు తగలనివ్వకండి. ఫ్రేము అంచులో మౌంట్ బోర్డు పట్టీలు దాచి ఎడం ఇవ్వాలి. ఆక్రిలిక్ తేలికే, పగలదు కూడా. కానీ తుడిచినప్పుడు దానిలో పుట్టే స్టాటిక్ కరెంటు వల్ల వదులు పోగులు, చమ్కీలు పైకి లేస్తాయి, కాబట్టి అలాంటి పనికి గాజే మేలు. పటం కింది మూలల వెనక చిన్న ఫెల్ట్ ముక్కలు అంటిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. వానకు చెమ్మగిల్లే బయటి గోడకు వేలాడదీయొద్దు. దేవుడి గదిలో అగరుబత్తి పొగ, వంటింట్లో నూనె ఆవిరి కూడా గుడ్డకు పడవు.

సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లినప్పుడు వెలుతురు గురించి మాట్లాడుకున్నాం. మ్యూజియాల్లో గుడ్డల మీద పడే వెలుతురును సాధారణంగా 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దగ్గర ఉంచుతారు. కిటికీ ఎదురుగోడ మీద దానికి ఎన్నో రెట్లు పడుతుంది. వెలిసిన రంగును వెనక్కి తెచ్చే మందు లేదు. పటాలను కొన్నాళ్లు గోడకు, కొన్నాళ్లు బీరువాలో ఉంచడం ఇంట్లో మనం చేయగల తేలికైన పని.

లంబాడీ కుట్టుపని మీద తీసుకున్న తీర్మానాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. అద్దాలు, గవ్వలు ఉన్న ముక్కలకు లోతైన బాక్స్ ఫ్రేము కావాలి, అట్ట మీద పలుచని దూది పరిస్తే వెనక ముడులు అందులో ఒదుగుతాయి. అయితే పాత కాంచళిని, అంటే లంబాడీ స్త్రీల రవికను, కత్తిరించి ముక్కలుగా పటం కట్టే పనికి మన సంఘం సాయం చేయదు. అది ఒక అమ్మ ఒంటి కొలతకు కుట్టుకున్న బట్ట. కోస్తే దాని కత, కట్టు రెండూ పోతాయి. చిరిగి విడిపోయిన ముక్కలైతే తీసుకురండి, సంతోషంగా చేసిపెడతాం. ఈ విషయంలో కొందరు సభ్యులకు అభ్యంతరం ఉందని తెలుసు. అయినా కార్యవర్గం మాట మారదు.

వచ్చే ఏడాది పాత పటాలు విప్పి చూసే తరగతులు పెడుతున్నాం. వానలు మొదలయ్యేలోగా జరపాలని ఆలోచన. జిగురు అంటించినవి ఉంటే ఇంట్లో మీరే ఊడదీయకుండా అలాగే తీసుకురండి. ప్రతి పటం వెనక కుట్టినవారి పేరు, ఊరు, సంవత్సరం, వాడిన దారం రాసిన చీటీ పెట్టే పని కూడా అప్పుడే మొదలవుతుంది. చీటీకి కాగితం, పెన్సిలు సంఘమే ఇస్తుంది. అమ్మమ్మల, నానమ్మల పేర్లు పూర్తిగా కనుక్కుని రండి.

ఇట్లు,
కార్యదర్శి