బీపీ మాత్రలతో పాటు విశ్రాంతినీ నేర్పాలి

సంపాదకులకు,

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలకు నెలనెలా బీపీ మాత్రల కోసం వచ్చేవారికి, ఒంటినీ మనసునూ కలిపి సేదదీర్చే విశ్రాంతి సాధనను కూడా నేర్పించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. నేను ఫిజియోథెరపిస్టుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. నగరాల్లో ‘రిలాక్సేషన్ థెరపీ’ పేరిట మసక దీపాలు, సన్నని సంగీతం, సుగంధ తైలాలు జోడించి ప్యాకేజీలుగా అమ్ముతున్న దానిలో అసలు సరుకు ఒక చాప, ఒక గది, నేర్పే మనిషి ఉంటే చాలినంతటిదే.

అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్‌సన్ 1929లోనే ఈ విషయంపై సమగ్రమైన గ్రంథం వెలువరించాడు. ఆందోళనలో ఉన్న మనిషి కండరాలు అతనికి తెలియకుండానే బిగిసి ఉంటాయని, ఆ బిగువును పసిగట్టి వదలడం అలవడితే మనసు కూడా నెమ్మదిస్తుందని ఆయన చెప్పాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న సంక్షిప్త పద్ధతిలో కుడిచేతి పిడికిలిని ఐదారు సెకన్లు బిగించి, ఒక్కసారిగా వదిలి, ఆ తర్వాత అర నిమిషం పాటు ఆ చేతిలో వచ్చిన తేడాను గమనించమంటారు. అలాగే భుజాలు, నుదురు, దవడ, కడుపు, తొడలు, పిక్కలు, పాదాల వరకు వెళతారు. బిగువు సడలేకొద్దీ ఊపిరి నిదానించి, గుండె వేగం తగ్గుతుంది.

చదవడానికి ఇది తేలికగానే ఉంటుంది. కానీ పడుకోబెట్టి, ముంజేతిని నా అరచేతిలోకి తీసుకుని “పూర్తిగా వదిలేయండి” అంటే, “వదిలేశానండీ” అని చెప్పినవారిలో చాలామంది చెయ్యి, నేను కిందినుంచి నా చెయ్యి తీసేశాక కూడా గాలిలో అలాగే నిలిచి ఉండేది! అది చూసి వారే నవ్వేవారు. వదలడం కూడా సాధన చేసి నేర్చుకోవలసినదేనని వారికి అప్పుడు తెలిసేది. కనుక ‘టెన్షన్ పెట్టుకోకండి’ అని చీటీ మీద రాసినందువల్ల ప్రయోజనం లేదు.

ఇది మనకు పరాయి విద్య కూడా కాదు. శవాసనం అలసటను పోగొట్టి చిత్తానికి విశ్రాంతినిస్తుందని 15వ శతాబ్దపు యోగ గ్రంథం హఠయోగ ప్రదీపిక చెబుతోంది. బొంబాయి వైద్యుడు డాక్టర్ కె.కె.దాతే, ఆయన సహచరులు దానిని అధిక రక్తపోటు రోగులతో చేయించి, ఫలితాలను 1969లోనే వైద్య పత్రికలో ప్రకటించారు. అయినా ఏటా జూన్ 21న మైదానాల్లో జరిగే యోగా కార్యక్రమాలలో, ప్రముఖుల ప్రసంగానికి దొరికే సమయం శవాసనానికి దొరకదు. ఆ వంతు వచ్చేసరికి సగం మంది చాపలు చుట్టేస్తుంటారు.

దీనిని మందులకు బదులుగా ఎవరూ భావించకూడదు. బీపీ మాత్రలు ఆపడమా, తగ్గించడమా అన్నది వైద్యుడే నిర్ణయించాలి. కండరాలను బిగించేటప్పుడు ఊపిరి బిగబట్టరాదు, ఎందుకంటే దానివల్ల రక్తపోటు పెరుగుతుంది. ఇటీవల మెడకో నడుముకో శస్త్రచికిత్స జరిగినవారు ఆ భాగాన్ని వదిలేయాలి. కళ్లు మూసుకుని పడుకోగానే కొందరికి దడ మొదలవుతుంది. అలాంటివారిని బలవంతంగా పడుకోబెట్టకుండా, మానసిక వైద్యుడి దగ్గరకు పంపడమో, 2022 నుంచి పనిచేస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయించడమో మంచిది. ఈ జాగ్రత్తలు చెప్పకుండా, మాత్రలతో పనే లేదని ఊరించే ప్యాకేజీలను చూస్తే నాకు భయం వేస్తుంది.

తెలంగాణలోని పల్లె, బస్తీ దవాఖానాల్లోను, ఆంధ్రప్రదేశ్‌లోని విలేజ్ హెల్త్ క్లినిక్‌లలోను ఇందుకు కొత్త భవనాలు, కొత్త ఉద్యోగాలు అవసరం లేదు. జిల్లా ఆసుపత్రుల ఫిజియోథెరపిస్టుల చేత అక్కడి నర్సులకు, ఏఎన్ఎంలకు శిక్షణ ఇప్పించి, మందుల రోజున పదిహేను నిమిషాలు కేటాయిస్తే చాలు. మోకాళ్ల నొప్పులతో నేల మీద పడుకోలేని పెద్దవారికి కుర్చీలో కూర్చోబెట్టి కూడా నేర్పవచ్చు. ఇంటి దగ్గర సాధన చేసుకోవడానికి, వాడుక తెలుగులో నిదానంగా చెప్పిన ఆడియోను రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలు తయారు చేయించి, ఉచితంగా ఫోన్లలోకి పంపాలి.

— ఒక విశ్రాంత ఫిజియోథెరపిస్టు, రాజమహేంద్రవరం