సంస్మరణ సభల ఖర్చు లెక్కలు విప్పి చెప్పిన అందరికీ కృతజ్ఞతలు

పేరున్న మనిషి పోయాక జనం కోసం పెట్టే సంస్మరణ సభకు ఎంత ఖర్చవుతుంది, ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది, ఎవరు భరించాలి? సభల ఏర్పాట్లు చూసేవాళ్లకు పనికొచ్చేలా దీని మీద తెలుగులో ఒక చిన్న పుస్తకం వేద్దామని, తెలిసినవాళ్లు సాయం చేయమని అడిగాం. అడిగినదానికి మించి అందింది. సాయం చేసినవాళ్లెవరూ పేరు వేయొద్దన్నారు. అందుకే ఎవరి వల్ల ఏం తెలిసిందో చెప్పి, ఇక్కడి నుంచే దండం పెడుతున్నాం.

మొదటి నమస్కారం లాస్ ఏంజెలెస్ నగర లెక్కలు చదవడం నేర్పిన అక్కగారికి. అమెరికా పాప్ గాయకుడు మైకేల్ జాక్సన్ 2009 జూన్ 25న పోయారు. జులై 7న ఆ నగరంలోనే స్టేపుల్స్ సెంటర్ అనే పెద్ద హాల్లో సంస్మరణ సభ జరిగింది. టికెట్లు ఉచితం, మొత్తం 17,500. అందులో 11,000 హాల్లోకి, మిగతా 6,500 పక్కనే ఉన్న నోకియా థియేటర్‌లో తెర మీద చూడటానికి. పేర్లు నమోదు చేసుకున్నవాళ్లు 16 లక్షలు దాటారు. లాటరీలో 8,750 పేర్లు తీసి ఒక్కొక్కరికి రెండేసి టికెట్లు ఇచ్చారు. అంటే సుమారు 180 మందిలో ఒక్కరికి దక్కింది. గెలిచినవాళ్లు ముందు రోజు డాడ్జర్ స్టేడియానికి వెళ్లి, టికెట్టుతో పాటు చేతి పట్టీ వేయించుకోవాలి. ఈ చేతి పట్టీ ఏర్పాటు మన నిర్వాహకులు ప్రత్యేకంగా గమనించాల్సింది. కాగితం ఒక్కటే అయితే చేతులు మారుతుంది, బ్లాకులో అమ్ముడుపోతుంది. పట్టీ తెంపితే గానీ ఊడదు, తెంపితే చెల్లదు. టికెట్లు పంచే చోటు సభాస్థలికి దూరంగా, ఒక రోజు ముందు పెట్టడం వల్ల సభ రోజు గేటు దగ్గర తోపులాట కూడా తప్పింది.

ఇక డబ్బు సంగతి. అప్పటికి ఆ నగరం బడ్జెట్‌లో 53 కోట్ల డాలర్ల లోటు ఉంది. ఉద్యోగాల కోతల మాట నడుస్తోంది. అలాంటి సమయంలో సభ బందోబస్తుకు, ట్రాఫిక్‌కు, పారిశుద్ధ్యానికి కలిపి నగరం మీద పడింది 14 లక్షల డాలర్లు. ఇచ్చిన టికెట్ల మీద పంచితే తలకు 80 డాలర్లు. మేయర్ విదేశంలో ఉండటంతో ఆయన స్థానంలో ఉన్న జాన్ పెర్రీ విరాళాలివ్వమని జనాన్ని కోరారు. నగరం చందాల పేజీ తెరిచింది. వచ్చింది సుమారు 35 వేల డాలర్లు. ఖర్చులో నలభయ్యో వంతు.

జనం ఎందుకంత మండిపడ్డారో ఇక్కడే తెలుస్తుంది. ఒక వర్గం, ఉద్యోగులను ఇంటికి పంపుతున్న ఊరు ఒక వినోద సంస్థ హాల్లో జరిగే సభకు డబ్బెందుకు పెట్టాలంది. ఇంకో వర్గం, ఆ మనిషి వల్ల ఊరికి వచ్చిన పేరు, హోటళ్లకు వచ్చిన వ్యాపారం ముందు ఇదెంత, చావింటి వాళ్లను బిల్లు అడుగుతారా అంది. రెండింటిలోనూ న్యాయం ఉంది. మా మటుకు మాకు మూడో వర్గం మాట సరైనదనిపించింది. హాలు ఏఈజీ సంస్థది, లండన్‌లో జరగాల్సిన జాక్సన్ కచేరీలు ఏర్పాటు చేసిందీ అదే. ఆ కచేరీల రిహార్సల్ దృశ్యాలతో తీసిన సినిమా ఆ అక్టోబరులోనే థియేటర్లకు వచ్చింది. కాబట్టి అడగాల్సింది అభిమానిని కాదు, కుటుంబాన్నీ కాదు, నిర్వాహక సంస్థను అని వాళ్లన్నారు. చివరికి చాలావరకు జరిగిందీ అదే. సిటీ అటార్నీ (నగరం తరఫు న్యాయాధికారి) కార్మెన్ ట్రుటానిచ్ లెక్కల మీద విచారణ మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి, 2010లో, ఏఈజీ వైపు నుంచి, జాక్సన్ ఎస్టేట్ (ఆయన పోయాక ఆస్తుల వ్యవహారాలు చూసే సంస్థ) వైపు నుంచి కలిపి 13 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పందం కుదిరింది. అదే మాట సభకు ముందే కాగితం మీద పెట్టుకుని ఉంటే ఏడాది పాటు అంత రభస ఉండేది కాదు. ఆ జూన్‌లోనే లేకర్స్ బాస్కెట్‌బాల్ జట్టు విజయోత్సవానికి ఇలాంటి గొడవే వచ్చి, నగరం వాటాను ప్రైవేటు దాతలు భరించారు. మూడు వారాలు తిరక్కుండానే మళ్లీ అదే తంటా.

ఆ చిట్టాలో ఒక పద్దును అక్కగారు ప్రత్యేకంగా చూపించారు. పోలీసుల భోజనం పొట్లాలకు 48 వేల డాలర్లు దాటింది. అవి తెప్పించింది ఊరికి 80 మైళ్ల అవతలి వ్యాపారి దగ్గర. మొత్తం ఖర్చులో ఈ పద్దు మూడున్నర శాతమే. జనానికి మాత్రం ఇదే గుర్తుండిపోయింది. ఓవర్‌టైమ్ లెక్క మామూలు మనిషికి అందదు, తిండి లెక్క అందరికీ అందుతుంది. సభ చేసేవాళ్లు భోజనాల బిల్లుకు కనీసం మూడు కొటేషన్లు తీసుకుని దాచుకోవాలని మా పుస్తకంలో రాయడానికి కారణం ఇదే.

మరో పొరపాటును కూడా ఆవిడే సరిచేశారు. బహిరంగ సభ లెక్క వేరు, ఖననం లెక్క వేరు. ఖననం ఫారెస్ట్ లాన్‌లో సెప్టెంబరు 3న జరిగింది. దానికైన పది లక్షల డాలర్ల పైచిలుకు ఎస్టేట్ పెట్టుకుంది, ప్రజల సొమ్ము కాదు. చాలామంది ఈ రెండూ కలిపేసి కుటుంబాన్ని తిట్టారు.

రెండో నమస్కారం, బందోబస్తు డ్యూటీలు వేసిన అనుభవంతో మాట్లాడిన విశ్రాంత పోలీసు అధికారి గారికి. లాస్ ఏంజెలెస్‌లో లక్షల మంది వీధుల్లోకి వస్తారని అంచనా వేసి మూడు వేలకు పైగా పోలీసులను దించారు. టికెట్టు లేనివాళ్లు ఇళ్లలో టీవీలోనే చూడండని పదేపదే చెప్పారు, చుట్టుపక్కల వీధులు మూసేశారు. దాంతో జనం అనుకున్నదాంట్లో కొసరు కూడా రాలేదు. ఖర్చు మాత్రం తగ్గలేదు. డ్యూటీ చార్టు ముందు రోజే ఖాయమవుతుంది, ఖర్చు నడిచేది వచ్చిన జనాన్ని బట్టి కాదు, వేసిన అంచనాను బట్టి అని ఆయన చెప్పారు. అంతమందిని ఎందుకు దించారని నిందించడం తేలిక. 2006 ఏప్రిల్‌లో కన్నడ నటుడు రాజ్‌కుమార్ పోయినప్పుడు బెంగళూరులో అల్లర్లు జరిగి ప్రాణాలు పోయాయి. 2021 అక్టోబరులో ఆయన కుమారుడు పునీత్ పోయినప్పుడు పార్థివదేహాన్ని కంఠీరవ స్టేడియంలో ఉంచి, మద్యం అమ్మకాలు ఆపి, వరుసలు కట్టించి, అంత్యక్రియలను 31వ తేదీ పొద్దున్నే ముగించారు. ముందు ఖర్చు పెట్టడం వల్ల ఏం మిగులుతుందో ఆ రెండు సందర్భాలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

మన దగ్గర ఈ ఖర్చు ఎందుకు కనిపించదో కూడా ఆయనే విడమరిచారు. అమెరికాలో అదనపు గంటకు ఒకటిన్నర రెట్లు జీతం కట్టాలి కాబట్టి బిల్లు పుడుతుంది. ఇక్కడ పక్క స్టేషన్ల సిబ్బందిని లాగుతారు, బిల్లు పుట్టదు. ఆ రెండు రోజులు ఆ స్టేషన్లలో పని ఆగిపోతుంది, అంతే. ప్రభుత్వ లాంఛనాలంటే కోట్ల ఖర్చని జనం అనుకుంటారు. 2022 నవంబరులో కృష్ణ గారికి, అదే ఏడాది సెప్టెంబరులో కృష్ణంరాజు గారికి జరిగినట్టు, అందులో ఉండేది పోలీసు వందనం, గాల్లోకి తుపాకుల కాల్పులు. అది చిన్న ఖర్చు. పెద్ద ఖర్చు జనాన్ని అదుపు చేయడంలో ఉంటుంది.

స్థలం లెక్క ఆయనదే. నిలబడే జనం చదరపు మీటరుకు నలుగురు దాటకూడదు. కుర్చీలైతే నడవలతో కలిపి వెయ్యి కుర్చీలకు వెయ్యి చదరపు మీటర్లు ఉంచుకోవాలి. లోపలికి వెళ్లే దారి, బయటికి వచ్చే దారి వేరుగా ఉండాలి. ప్రముఖుల కార్లు జనం గేటులోంచి రావడమే ఎక్కువ ప్రమాదాలకు మూలం. కారు ఆగగానే సెల్‌ఫోన్లు పైకి లేస్తాయి, ముందువాళ్లు ఆగిపోతారు, వెనకవాళ్లు తోస్తారు. ప్రముఖుల కోసం మూడో గేటు లేని మైదానమైతే వాళ్లను గంట ముందే రప్పించి కూర్చోబెట్టాలి.

టెంట్ హౌస్ నడిపే అన్నగారికి, ఆయనతో వచ్చిన ఎలక్ట్రీషియన్ తమ్ముడికి ఎంత చెప్పినా తక్కువే. మైకులకు, తెరలకు ఒక జనరేటర్, లైట్లకు, కూలర్లకు ఇంకొకటి. రెండూ ఒకదాని మీదే వేస్తే కూలరు ఆన్ అయినప్పుడల్లా వోల్టేజీ పడిపోయి మైకు కీచుమంటుంది, ఎల్ఈడీ తెర ఆరిపోతుంది. 62.5 కేవీఏ సామర్థ్యమున్న జనరేటర్ నిండు లోడు మీద గంటకు 12 నుంచి 14 లీటర్ల డీజిల్ తాగుతుంది. ఆరు గంటల సభకు రెండు గంటల అదనం కలిపి అలాంటి ఒక్కో జనరేటర్‌కు వంద, నూట పది లీటర్లు దగ్గర పెట్టుకోవాలి. ఎర్త్ రాడ్డు తడి నేలలో దించాలి, బారికేడ్ల ఇనుప గొట్టాలకు వైర్లు తగలకూడదు. లౌడ్‌స్పీకర్లు రాత్రి 10 గంటలకు ఆగిపోవాలి, అది చట్టం.

వంట మేస్త్రి గారు చెప్పిన కొలత: పూర్తి భోజనమైతే కిలో బియ్యం ఎనిమిది, తొమ్మిది మందికి. వెయ్యి మందికి 110 నుంచి 125 కిలోలు. నీళ్లు మనిషికి రెండు లీటర్ల చొప్పున చూసుకుంటే 20 లీటర్ల టిన్నులు వంద. అందరూ తగ్గించి రాసేది చేతులు కడుక్కునే నీళ్లే. అది తాగే నీళ్లకు రెట్టింపు ఉండాలి. బియ్యమంతా ఒకేసారి వార్చకుండా నాలుగింట మూడొంతులు ముందు వండి, మిగతాదానికి ఎసరు సిద్ధంగా ఉంచుకోమన్నారు. జనం తగ్గితే ఆ బియ్యం వెనక్కి ఇచ్చేయొచ్చు. సంస్మరణ భోజనాల్లో అన్నం పారబోశారన్న నింద చాలావరకు ఈ ఒక్క జాగ్రత్తతో తప్పుతుంది.

ఆడిటర్ గారి సాయంతో లెక్కల నమూనా తయారైంది. ఎడమవైపు ఖర్చు, దాని పక్కనే 'ఎవరు కట్టాలి' అన్న గడి. కుటుంబం, నిర్వాహక సంఘం, మున్సిపాలిటీ, స్పాన్సర్: ఈ నాలుగింటిలో ఒకటి సభకు ముందే రాయాలి. ఖాళీగా వదిలిన గడే తర్వాత తగువవుతుంది. టీవీ ప్రసారం అమ్మితే ఆ రాబడిలోంచి మైదానం శుభ్రం చేసే ఖర్చు ముందు తీసేయాలి. చందాలు తీసుకుంటే రసీదు పుస్తకాల నంబర్లు రాసిపెట్టుకుని, మిగిలిన డబ్బు ఎటు పోతుందో రసీదు మీదే అచ్చు వేయాలి. సభ అయిన పదిహేను రోజుల్లో జమాఖర్చుల కాగితం సభ జరిగిన చోటే గోడకు అంటించాలి.

అచ్చుతప్పులు దిద్దిన తెలుగు మాస్టారు గారికి, పాత పత్రికలు తీసిచ్చిన లైబ్రేరియన్ అమ్మగారికి మా నమస్కారాలు. సంచార మరుగుదొడ్ల అధ్యాయం ఒక్కటే మిగిలింది. ఎంతమందికి ఎన్ని పెట్టాలి, ఎన్ని గంటలకోసారి శుభ్రం చేయించాలి అన్నవి పుష్కరాల్లోనో జాతరల్లోనో పని చేసిన పారిశుద్ధ్య సిబ్బంది చెబితే రాసుకుంటాం. పుస్తకం ఉచితం. ఏర్పాట్లు చూసేవాళ్లు ఎవరు అడిగినా పంపుతాం.