సైటు జరిపే ముందు నిలబడే తీరు సరిదిద్దాలి

సంపాదకులకు నమస్కారం.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ విలువిద్య మిక్స్‌డ్ టీమ్ పోటీగా తొలిసారి అడుగుపెడుతున్న సందర్భాన్ని పురస్కరించుకుని, మా రాయగడ, గజపతి జిల్లాల గిరిజన పిల్లల గురించి మీ క్రీడల పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. ఒడిశా పల్లెలను కూడా తెలుగు పత్రిక తన పల్లెలుగా తలచినందుకు కృతజ్ఞుణ్ణి. అయితే, పుట్టుకతోనే విల్లు పట్టే ఈ పిల్లల చేతికి ఒక మంచి కాంపౌండ్ విల్లు ఇస్తే చాలు, మిగిలినదంతా దానంతట అదే జరిగిపోతుందన్న అభిప్రాయం ఆ వ్యాసంలో ఆద్యంతం కనిపించింది. గుణుపూరు పరిసరాల్లో చాలాకాలం వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి, పదవీ విరమణ తర్వాత కూడా రోజూ ఉదయం కొందరు పిల్లలచేత బాణాలు వేయిస్తున్నవాడిగా ఆ మాటను నేను ఒప్పుకోలేను. ఆ మాట వినడానికి ప్రశంసలా ఉన్నా, పిల్లలకు దానివల్ల జరిగే నష్టాన్ని కళ్ళారా చూస్తున్నాను.

మా సవర, కొంధు ఇళ్ళలో వాడే వెదురు విల్లుకు సైటు, అంటే గురి చూసే పరికరం, ఉండదు. నారిని లాగేకొద్దీ బరువు పెరుగుతూనే పోతుంది కనుక లాగడం, చూడడం, వదలడం మూడూ ఒకే ఊపులో ముగిసిపోతాయి. దగ్గరి గురికి, కదిలే గురికి ఆ పద్ధతే సరైనది, అందులో మా పిల్లలకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. కానీ 1960లలో అమెరికాలోని మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ ఆలెన్ రూపొందించి, 1969లో పేటెంట్ పొందిన కాంపౌండ్ విల్లు పనిచేసే సూత్రమే వేరు. దాని కొనలనున్న కామ్‌లు అనే చక్రాలు తిరగడం వల్ల, నారిని పూర్తిగా లాగిన తర్వాత చేతిమీద బరువు ఒక్కసారిగా తగ్గిపోతుంది. 40 పౌండ్ల విల్లుకు 75 శాతం లెట్-ఆఫ్ (అలా తగ్గే బరువు) ఉంటే, ఆ స్థితిలో పిల్లవాడు మోయవలసింది 10 పౌండ్లే. ఆ తీరుబడి కుదురుగా నిలబడి గురి చూసుకోవడానికి ఇచ్చినది. లాగిన మరుక్షణం వదిలేయడానికి అలవాటుపడిన చేతికి ఆ సంగతి తెలియదు, వెదురు విల్లును పిడికిలి బిగించి పట్టినట్టే దీన్నీ బిగించి పడుతుంది. కాబట్టి విల్లు తెలిసిన పిల్లవాడికి కాంపౌండ్ నేర్పడమంటే, ముందు కొన్ని అలవాట్లను మాన్పించడమే.

ఒక ఉదాహరణ చెబుతాను. నా దగ్గరికి వచ్చే పదహారేళ్ళ అమ్మాయికి ఒక దాత మంచి మనసుతో నగరంలోని దుకాణం నుంచి విల్లు కొని తెచ్చి ఇచ్చారు. దుకాణంవారు మనిషిని చూడకుండానే దాని డ్రా లెంగ్త్‌ను, అంటే నారిని లాగే దూరాన్ని, 28 అంగుళాలకు అమర్చి పంపారు. రెండు చేతులూ చాచి ఒక వేలికొన నుంచి మరో వేలికొన దాకా కొలిచి, వచ్చిన అంగుళాలను రెండున్నరతో భాగిస్తే ఎవరికి ఎంత డ్రా లెంగ్త్ కావాలో రమారమి తెలుస్తుంది. ఆ అమ్మాయి కొలత 64 అంగుళాలు, అంటే ఆమెకు కావలసింది ఇరవై ఐదున్నర. రెండున్నర అంగుళాల తేడాను పూడ్చుకోవడానికి ఆ పిల్ల నడుము వెనక్కి వంచేది, విల్లు పట్టిన మోచేతిని బిర్రబిగించేది, నారిని వదిలే రిలీజ్ అనే పరికరాన్ని పట్టిన చేయి దవడ దాటి చెవి వెనక్కి పోయేది. నారి చెంపను ఒరుసుకుని ఎర్రటి గీత పడేది. అలా ఆరు నెలలు సాధన చేసింది. బాణాలు ఎడమకు పడితే సైటు జరపమన్నారు, కుడికి పడితే మళ్ళీ జరపమన్నారు. ఒక ఎంపిక పోటీలో ఆమె సైటు మర నాలుగుసార్లు తిప్పడం చూశాను. తప్పు ఆ మరలో లేదు. డ్రా లెంగ్త్‌ను నిర్ణయించే విల్లు మాడ్యూల్ మార్పించి, నిటారుగా నిలబెట్టి, దవడ ఎముక కింద పిడికిలి కణుపులు ఒకేచోట ఆనేలా, నారి ముక్కుకొనను తాకేలా అలవాటు చేసిన తర్వాతే ఆమె బాణాలు ఒకదాని పక్కన ఒకటి దిగడం మొదలైంది.

సైటు విషయం ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే శిక్షణ ఇస్తున్నవారిలోనూ కొందరు దీన్ని తేలిగ్గా తీసుకుంటున్నారు. కాంపౌండ్‌లో కంటిముందు నారిలో పీప్ అనే చిన్న రంధ్రం, ముందు విల్లుకు బిగించిన స్కోప్ అనే గురి అద్దం ఉంటాయి. పీప్ గుండ్రంలో స్కోప్ బయటి వలయం చుట్టూ సమానమైన ఖాళీతో, పళ్ళెంలో గిన్నె పెట్టినంత సరిగ్గా మధ్యన కనిపించాలి. పీప్‌కూ స్కోప్‌కూ మధ్య దూరం దాదాపు 90 సెంటీమీటర్లు. అక్కడ ఒక్క మిల్లీమీటరు పక్కకు తొలిగితే, 50 మీటర్ల దూరంలోని లక్ష్యంమీద అది ఐదున్నర సెంటీమీటర్లవుతుంది. కాంపౌండ్ పోటీలో పది పాయింట్ల వలయం వ్యాసం 8 సెంటీమీటర్లు, అంటే నడిబొడ్డు నుంచి 4 సెంటీమీటర్లే. స్కోప్‌లోని చుక్క లక్ష్యం నడుమనున్న పసుపు రంగు మధ్యన కుదురుగా ఉన్నా, ఆ ఒక్క మిల్లీమీటరు వల్ల బాణం తొమ్మిదిలోకి పోతుంది. పిల్లలు చుక్కను మాత్రమే చూస్తారు, వలయాలను చూడరు. పీప్ ఎత్తు సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి నేను కళ్ళు మూయించి విల్లు లాగిస్తాను. పిడికిలి దవడకు ఆనిన తర్వాత కళ్ళు తెరవమంటాను. తెరిచీ తెరవగానే స్కోప్ పీప్‌లో అమరి కనిపించాలి. మెడ ఎత్తవలసి వచ్చినా దించవలసి వచ్చినా జరపవలసింది పీప్‌నే, మెడను కాదు.

స్కోప్ కింద ఉండే నీటి బుడగను కూడా చాలామంది అలంకారంగానే చూస్తున్నారు. సెకనుకు 85 మీటర్ల వేగంతో పోయే బాణం 50 మీటర్లు చేరడానికి 0.6 సెకను పడుతుంది, ఆలోగా భూమ్యాకర్షణవల్ల దాదాపు 1.7 మీటర్లు దిగుతుంది. ఆ దిగుడును సరిచేయడానికే సైటు పెడతాం. విల్లు రెండు డిగ్రీలు పక్కకు ఒరిగితే ఆ సవరింపు కూడా పక్కకు ఒరిగి, బాణం 6 సెంటీమీటర్ల దాకా అటే పోతుంది. విల్లు ఎందుకు ఒరుగుతుంది? చాలావరకు బిగించి పట్టడంవల్లనే. గ్రిప్ అరచేతిలో ఆయుష్షు రేఖకు బొటనవేలి వైపున్న కండమీద ఆనాలి, వేళ్ళు వదులుగా ఉండాలి, జారిపడకుండా స్లింగ్ అనే పట్టీ చూసుకుంటుంది. ఈ ఒక్కటి నేర్పడానికి నాకు ఒక్కొక్కరితో నెలలు పట్టింది, ఎందుకంటే చిన్ననాటి నుంచి విల్లు జారితే తండ్రి కోప్పడిన పిల్లలు వాళ్ళు.

చుక్క పసుపులోకి రాగానే బొటనవేలితో రిలీజ్ మీటను టక్కున నొక్కడం మరొక పెద్ద లోపం. చుక్క ఎప్పుడూ కొద్దికొద్దిగా కదులుతూనే ఉంటుంది, దాన్ని కదలనివ్వాలి. వీపు రెక్క ఎముకలను మెల్లగా దగ్గరికి తెస్తూ పోతే, ఏ క్షణాన వదులుతుందో తెలియకుండానే బాణం వెళ్ళాలి. లక్ష్య చిత్రం లేని గడ్డిమోపు ముందు నాలుగు మీటర్ల దూరంలో కళ్ళు మూసుకుని వేయించడం దీనికి మందు. ఇది విసుగు పుట్టించే పని, చూసేవారికి గొప్పగా కూడా ఉండదు. ఫొటో తీయడానికి వచ్చినవారు ఎప్పుడూ 50 మీటర్ల దగ్గరే నిలబెట్టమని అడుగుతారు.

ఇవన్నీ కుదిరి, ఆరు బాణాలు వరుసగా ఒకేచోట గుత్తిగా పడినప్పుడే సైటు మరమీద చేయి వేయాలి. అప్పుడు బాణాలు ఎటు పడుతున్నాయో సైటును అటే జరపాలి. గుత్తి పడకముందే జరిపితే మన తప్పును మనమే కప్పిపుచ్చుకున్నట్టవుతుంది, రేపు ఆ తప్పు మరోవైపు తిరిగితే ఏది అసలు గురో ఎవరికీ తెలియదు.

2023లో బెర్లిన్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో భారత కాంపౌండ్ విలుకాడు ఓజస్ దేవ్‌తలే 15 బాణాలనూ ఆ 8 సెంటీమీటర్ల వలయంలోనే దించి 150కి 150 సాధించాడు. అదే ఏడాది హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచింది. వారి విల్లులు ఏ కంపెనీవని పిల్లలు నన్ను అడుగుతారు. ప్రతి బాణానికీ వారి మోచేయి, పిడికిలి, మెడ ఎంత అచ్చుగుద్దినట్టు ఒకేచోటికి వస్తాయో చూడమని నేను వీడియో ఆపి చూపిస్తాను.

అందుచేత రెండు మనవులు. ఈ విషయాలు ఇంగ్లీషులో, హిందీలో దొరుకుతున్నాయి కానీ, బడిలో ఒడియా, ఇంట్లో తెలుగో సవరో మాట్లాడే మా పిల్లల తల్లిదండ్రులు చదువుకోగలిగేలా దొరకడం లేదు. మీ ఆదివారం క్రీడల పేజీలో బొమ్మలతో అర కాలమ్ కేటాయించి, జాతీయ స్థాయి శిక్షకులచేత నిలబడే తీరు, పట్టు, పీప్ అమరిక గురించి తెలుగులో వ్రాయించండి. ఇక విల్లు బహూకరించదలచిన దాతలకు నా మనవి ఒక్కటే. దుకాణానికి వెళ్ళేముందు ఆ బిడ్డను గోడకు ఆనించి, రెండు చేతులూ చాపించి, టేపుతో కొలిచి ఆ అంకెను కాగితంమీద వ్రాసుకుని వెంట తీసుకుపొండి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
గుణుపూరు, రాయగడ జిల్లా, ఒడిశా.