మళ్ళీ తెరుస్తున్నామండి, ఈసారి మన కుక్కల కెన్నెల్ ఫొటోల్లో అంత బాగోదు

అందరికీ నమస్కారం అండి. రెండున్నర నెలలుగా ఎవరు ఫోన్ చేసినా "రిపేర్లు జరుగుతున్నాయండి, ఇంకో పది రోజులు" అని నెట్టుకొచ్చాను. నిజానికి రిపేర్లు కాదు, పాతది పడగొట్టి మళ్ళీ కట్టాం. ఎందుకో చెప్పకుండా రేటు పెంచేస్తే మీరు తిట్టుకుంటారు, తిట్టుకోవాలి కూడా, అందుకని ఉన్నది ఉన్నట్టు రాసేస్తున్నా, కాస్త పెద్దగానే ఉంటుంది, తీరిగ్గా చదువుకోండి.

కొత్తవాళ్ళ కోసం ఒక ముక్క. మాది ఆనందపురం దాటి భీమిలి వైపు వెళ్తుంటే లోపలికి, అరెకరం జీడితోట. ఐదేళ్ళ నుంచి కుక్కల బోర్డింగ్ నడుపుతున్నాం, మధురవాడ, ఎంవీపీ వైపు వాళ్ళు, నేవీ వాళ్ళు ఎక్కువ వస్తారు. పాత కెన్నెల్లో పన్నెండు గదులు, ముందు ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి, చుట్టూ చైన్‌లింక్ ఫెన్సు, గోడ మీద పంజా గుర్తుల పెయింటింగ్. మీరు వచ్చి చూసి "అబ్బ ఎంత బావుందో" అనేవాళ్ళు, నేనూ పొంగిపోయేవాణ్ణి.

ఏప్రిల్లో ఒక రాత్రి 2 దాటాక మా వాచ్‌మన్ తాత వచ్చి లేపాడు, "బావూ, సెవుల కుక్క నేదు" అని. చెవుల కుక్క అంటే ఒక బీగిల్ అండి, నాలుగు రోజుల కోసం దింపి వెళ్ళారు. టార్చ్ వేసి చూస్తే ఫెన్సు కింద గొయ్యి, నా మోచెయ్యి అంత లోతు, అటువైపు మట్టి కుప్ప. మా వైపు నేల సంగతి మీకు తెలిసిందే, ఎర్రమట్టి దిబ్బల దగ్గర చూసుంటారుగా, వర్షం పడితే గట్టిగా కనపడుతుంది గానీ ఎండాక గోరుతో గీస్తే రాలిపోతుంది. ఆ నేలలో బీగిల్‌ని పెట్టి, భూమిలోకి అరడుగు కూడా దిగని ఫెన్సు వేసి, పైన తాళం పెట్టి నిద్రపోయాను నేను.

నలుగురం బైకుల మీద తిరిగాం. పొద్దున్న ఆరున్నరకి హైవే పక్క టీ కొట్టు బెంచీ కింద దొరికింది, ఎవరో బిస్కెట్లు పెడుతుంటే తింటోంది, తోక ఊపుతూ. అక్కడ రాత్రంతా లారీలు పోతాయి, తల్చుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

ఇక చెప్పుకోవాల్సిన తప్పు ఇంకోటి ఉంది. ఆ బీగిల్ వాళ్ళ సార్‌కి నేను ఫోన్ చేసింది ఏడింటికి, కుక్క దొరికాక. రెండింటికే చెయ్యాలి. దొరికేస్తుందిలే, ఎందుకు కంగారు పెట్టడం అనుకున్నా, అసలు కారణం భయం. ఆయన అరవలేదు, "రాత్రే చెప్పుంటే నేనూ వచ్చి వెతికేవాణ్ణి కదా, నా గొంతు వింటే వచ్చేది కదా" అన్నారు అంతే. డబ్బులు వెనక్కిచ్చేశాను, డాక్టర్ దగ్గర చూపించిన ఖర్చు కూడా మేమే పెట్టుకున్నాం. ఇకనుంచి రూలు ఇదీ: మీ కుక్కకి ఏదైనా అయితే పదిహేను నిమిషాల్లో మీకు ఫోన్ వస్తుంది, అర్ధరాత్రయినా సరే.

అప్పుడు ఒకరోజు కుర్చీ వేసుకుని పాత కెన్నెల్ ముందు కూర్చుని చూశాను, మధ్యాహ్నం రెండు గంటల వేళ. రేకుల కింద పన్నెండు కుక్కలూ నాలుక బయటపెట్టి రొప్పుతున్నాయి, ఒక్కటి కూడా ఆ గడ్డి మీద లేదు. చెప్పులిప్పి అడుగు పెట్టా, కాలు చుర్రుమంది. ఉచ్చ వాసన కూడా ఎంత కడిగినా ఆ గడ్డి కిందే ఉండిపోతుంది. ఇదంతా నేను కట్టింది మీకు చూపించడానికి, కుక్కలకి కాదు అని ఆ రోజు అర్థమైంది, ఐదేళ్ళకి.

సరే, ఇప్పుడు ఏం చేశామో చెప్తా. ముందు కింద నుంచి. చుట్టూ అడుగున్నర లోతు కాలవ తవ్వి కాంక్రీట్ పోశాం, దాని మీద మూడడుగుల ఇటుక గోడ, ఆ పైన వెల్డ్‌మెష్, అంటే అడ్డం నిలువు తీగల్ని వెల్డింగ్‌తో అతికిన వల, మొత్తం ఏడడుగులు, పైన కూడా మెష్‌తో మూసేశాం ఎందుకంటే జర్మన్ షెపర్డ్, మాలినోయిస్ లాంటివి ఏడడుగులైనా పాక్కుంటూ ఎక్కేస్తాయి, మనం నమ్మం గానీ నేను చూశాను. చైన్‌లింక్ మళ్ళీ వేసే ప్రసక్తే లేదు, ఒక్క తీగ పంటితో లాగి తెంపితే స్వెటర్ ఊడినట్టు ఊడొస్తుంది. మెష్‌లో కూడా ఒక తిరకాసు ఉంది, మనది సముద్రం గాలి కదా, ముందు జింక్ పూసిన తీగ తెచ్చి తర్వాత వెల్డింగ్ చేసిన రకం అయితే ఆ అతుకుల దగ్గరే తుప్పు మొదలవుతుంది, వెల్డింగ్ అయ్యాక మొత్తం జింక్‌లో ముంచి తీసిన రకం కొనాలి. రేటు ఎక్కువే. మొదటిసారి చవక రకం కొని మూడేళ్ళకే చేతికి పొడి రాలడం చూశాను కాబట్టి ఈసారి బేరం ఆడలేదు. చిన్న కుక్కల గదులకి ఒక అంగుళం గళ్ళు, మిగతావాటికి రెండు అంగుళాలు.

పన్నెండు గదులు ఇప్పుడు ఎనిమిది అయ్యాయి. ఒక్కోదానికి లోపల 5 బై 6 అడుగుల గది, దానికి అతుక్కుని బయట 5 బై 12 తిరిగే జాగా, ఎండ, నీడ ఏది కావాలో కుక్కే చూసుకుంటుంది. చివరి రెండూ ఎనిమిదడుగుల వెడల్పు, ఒకే ఇంటి రెండు కుక్కల్ని కలిపి ఉంచమనే వాళ్ళకి. పక్కపక్క గదుల మధ్య నాలుగడుగుల వరకు నిండు గోడ. ఇది చాలామందికి నచ్చదు, "పాపం ఒంటరిగా ఫీలవ్వదా" అంటారు. లేదండి. ముక్కుకి ముక్కు తగిలేలా మెష్ ఒక్కటే అడ్డం ఉంటే రోజంతా ఒకదాన్ని చూసి ఒకటి గుర్రుమంటాయి, గోళ్ళు ఇరుక్కుంటాయి, ఒకటి మొరిగితే పన్నెండూ మొరుగుతాయి. గోడ లేచిన మొదటి వారమే, ట్రయల్‌కి పెట్టిన మా సొంత కుక్కలు మూడూ రాత్రి పడుకున్నాయి, మేమూ పడుకున్నాం. ఆటలకి పొద్దున్న, సాయంత్రం మనిషి ఉండగా, ఒకదానికొకటి సరిపడేవాటిని మాత్రమే కలిపి వదులుతాం.

గేట్లు రెండు. బయటది మూసి గడి పెట్టాక గానీ లోపలది తియ్యకూడదు, మధ్యలో ఒక మనిషి, ఒక కుక్క పట్టే జాగా. లోపలి తలుపులు లోపలికే తెరుచుకుంటాయి, కుక్క తోసినా ఇంకా బిగుసుకుంటుంది తప్ప తెరుచుకోదు. పాత గడియలు తీసిపారేశాం, ఒక లాబ్రడార్ ముక్కుతో పైకెత్తి తీసేసేది, దాన్ని "తెలివైంది" అని వీడియో తీసి మీకే పెట్టాను కూడా, ఇప్పుడు సిగ్గేస్తోంది.

కప్పు గురించి మా ఇంట్లో పెద్ద గొడవ. మా నాన్న తాటాకు వేయమన్నారు, చల్లదనానికి దాన్ని మించింది లేదు, నిజమే. కానీ తాటాకులో ఎలకలు, ఎలకల వెనక పాములు, దీపావళికి ఒక్క రాకెట్ చాలు. రేకులంటే 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ నాడు మా ఊళ్ళో రేకులు కాగితాల్లా ఎగరడం చూసినవాణ్ణి. చివరికి మధ్యలో ఫోమ్ ఉండే పఫ్ షీట్లు తెచ్చి, ఇనప ట్రస్‌కి బోల్టులు దగ్గర దగ్గరగా వేసి బిగించాం, తొమ్మిదడుగుల ఎత్తున, గోడకీ కప్పుకీ మధ్య ఒక అడుగు గాలి జాగా వదిలి. పొడుగు వైపు తూర్పు పడమరలుగా పెట్టాం, పడమటెండ తగిలేది ఒక్క చివరి గోడకే, అక్కడ కానుగ చెట్లున్నాయి.

అయినా ఒక మాట. విశాఖ ఎండ కంటే విశాఖ ఉక్కపోత ప్రమాదం. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పితే నాలుక మీద, నోట్లో తడి ఆరి చల్లబడుతుంది, గాల్లోనే తేమ నిండి ఉంటే ఆ తడి ఆరదు, మన బనీను ఆరనట్టే. అందుకని పగ్‌లు, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లు, షిట్జూలు, ముక్కు అణిగినవి ఏవైనా సరే, ఏప్రిల్ నుంచి జూన్ దాకా బయట గదుల్లో పెట్టుకోను. ఇంట్లో ఏసీ గది ఒకటే ఉంది, రెండు కుక్కలకే చోటు. ఎంత ఇస్తామన్నా మూడోది తీసుకోను, బతిమాలకండి ప్లీజ్.

నేల దగ్గర బాగా దెబ్బ తిన్నాం. కాంక్రీట్ మీద చీపురుతో గీతలు గీసి వదిలేశాం, నున్నగా ఉంటే జారి కాళ్ళు ఎడమవుతాయి, మరీ గరుకైతే అరికాళ్ళు అరుగుతాయి. వాలు పదడుగులకి రెండున్నర అంగుళాలు, బయటి కాలవ వైపు. ఒక గది నీళ్ళు ఇంకో గదిలోంచి పోకూడదు, అలా పోతే ఒక కుక్క రోగం వరసంతటికీ మనమే చేతులారా పంచినట్టు. మేస్త్రికి మూడుసార్లు చెప్పాను, తల ఊపాడు, ఊపి వాలు లోపలికి పెట్టాడు. మొదటిరోజు పైపు పెట్టి కడిగితే నీళ్ళన్నీ పడక గదుల్లోకి! రెండు గదులు పగలగొట్టి మళ్ళీ పోయించాం. ఐదో నంబర్‌లో ఇప్పటికీ ఒక మూల చెంబుడు నీళ్ళు నిలుస్తాయి, రోజూ గుడ్డతో తుడుస్తున్నాం, మీరు చూసి అడక్కముందే చెప్పేస్తున్నా.

పిడుదుల గురించి మీరు చాలామంది అడిగారు. పాత రాతి గోడ పగుళ్ళలో చాకు మొన పెట్టి గీరితే గోధుమ గింజల్లా రాలాయి అండి, బాగా తాగి ఉబ్బినవి, పక్కనే గుడ్ల ముద్దలు. ఆ గోధుమరంగు పిడుదు కుక్క మీద కంటే గోడలోనే ఎక్కువ కాలం బతుకుతుంది, ఒక్క ఆడది వేల గుడ్లు పెడుతుంది, మనం కుక్కకి ఎన్ని చుక్కల మందు వేసినా గోడ అలాగే ఉంటే లాభం లేదు. టిక్ ఫీవర్, అదే పిడుదు కుడితే వచ్చే జ్వరం, అక్కణ్ణించే. ఇప్పుడు లోపల ఒక్క పగులు లేకుండా సిమెంట్ పూత, మూలలు కూడా గుండ్రంగా తిప్పించాం. రాగానే చెవుల్లోపల, వేళ్ళ సందుల్లో చూస్తాం, పిడుదు కనపడితే అక్కడే ఆగాలి.

కడగడం కూడా మార్చాం. ఫినాయిల్ మానేశాం, ఆ ఘాటు మనకే ఎక్కువ, వాటి ముక్కుకి ఇంకెంత. ముందు పెంట ఎత్తేసి, సబ్బు నీళ్ళతో కడిగి, ఆ తర్వాత ఒక వంతు బ్లీచ్‌కి ముప్ఫై వంతుల నీళ్ళు, పది నిమిషాలు ఉంచి మళ్ళీ మంచినీళ్ళు, ఇదంతా అయ్యేదాకా కుక్కని వేరే చోట కట్టేస్తాం. మురికి మీద బ్లీచ్ పోస్తే పార్వో, అంటే కుక్కపిల్లల్ని వాంతులు, విరేచనాలతో చంపే వైరస్, చావదు, ఉచ్చ మీద పోస్తే ఊపిరాడని గాలి వస్తుంది, ఇంట్లో మీరూ జాగ్రత్త. పార్వో మట్టిలో నెలల తరబడి ఉంటుంది కాబట్టి టీకాలు పూర్తవని పిల్లల్ని ఆట స్థలంలోకి రానివ్వం. టీకాల పుస్తకం లేకపోతే గేటు దగ్గరే వెనక్కి, మా బావమరిది కుక్కని కూడా పంపించేశాను.

పడకలకి మొదట ఎలక్షన్ ఫ్లెక్సీలు తెచ్చి ఇనప ఫ్రేములకి కట్టాం, ఊళ్ళో బోలెడు మిగిలాయిగా, మా సొంత లాబ్ రెండు రోజుల్లో అభ్యర్థిని ముక్కలు చేసేసింది. ఇప్పుడు లారీల మీద కప్పే మందపాటి గుడ్డ, నేలకి ఎనిమిది అంగుళాల ఎత్తున, కింద గాలి ఆడుతుంది.

ఖర్చు మొత్తం ఆరు లక్షల నలభై వేలు అయింది, మా ఆవిడ గాజులు బ్యాంకులో ఉన్నాయి. గదులేమో నాలుగు తగ్గాయి, వేసవి సెలవుల సీజన్ పోయింది. అందుకే రోజుకి 600 ఉన్నది 800 అవుతుంది, పెద్ద గదులు 1,200. ముందే అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళకి దసరా దాకా పాత రేటే. ఇంకా తక్కువకి ఉంచేవాళ్ళు ఉన్నారు, వెళ్ళండి, నేనేమీ అనుకోను, కాకపోతే వెళ్ళాక ఫెన్సు కింద భూమిలో ఎంత దిగిందో ఒక్కసారి అడగండి.

మొన్న ఆదివారం ఆ బీగిల్ వాళ్ళ సార్ వచ్చారు, నేను పిలవలేదు, ఆయనే. కుక్కని తీసుకొచ్చి ఆరో నంబర్‌లో వదిలి గోడవారగా నిలబడ్డారు, ఏం మాట్లాడలేదు. అది నాలుగు మూలలూ వాసన చూసి, సరిగ్గా గేటు పక్కన మొదలుపెట్టింది తవ్వడం, గోళ్ళు కాంక్రీట్ మీద గరగరమంటూ. కాసేపయ్యాక ఆగి మావైపు చూసి తుమ్మింది. డిసెంబర్‌కి బుక్ చేస్తానని అయితే ఆయన అనలేదు, "చూద్దాం" అన్నారు.

వచ్చే సోమవారం నుంచి తీసుకుంటాం. వచ్చేటప్పుడు టీకాల పుస్తకం, వారానికి సరిపడా అది రోజూ తినే తిండి, ఉతకని దుప్పటి ఒకటి తెండి, ఇంటి వాసన ఉంటుంది. ఫోన్ నంబర్ పాతదే. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు మధ్య మాత్రం చెయ్యకండి, అప్పుడు అవి పడుకుంటాయి, ఫోన్ మోగిందంటే ఎనిమిదీ లేస్తాయి.